అడ్డా బోర్డు మీది ఇంగ్లిష్

మా చిన్నాయన ఆటో కల్హేర్ రోడ్డు మీద ఒక బర్రెను తప్పించబోయి కందిచేనులోకి దిగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. వెనక కూర్చున్న ఆడవాళ్లు చీరలు దులుపుకొని, చిన్నాయనను తిట్టవలసినంత తిట్టి, మళ్లీ అదే ఆటోలో ఇళ్లకు పోయారు. కొన్నాళ్లకే ఇంకో డ్రైవరు తన ఆటోను బస్సుకు వెనక నుంచి తగిలించాడు. మరొకాయన ఆటో చాయ్ హోటల్ బల్లను పడగొట్టింది. ఆటోలు నిలిచే అడ్డా పేరు పాడైపోతోందని డ్రైవర్లందరికీ పరేషాన్ పట్టుకుంది. అదే చాయ్ హోటల్ ముందు, కొత్తగా వేసిన బల్ల మీద కూర్చొని మాట్లాడుకొని, జాగ్రత్త గురించి ఒక బోర్డు పెట్టించాలని తేల్చారు.

నారాయణఖేడ్‌ను మేమంతా ఖేడ్ అనే అంటాం. ఖేడ్ ఆటో అడ్డాలో సిర్గాపూర్, కల్హేర్, నాగల్‌గిద్ద వైపుల నుంచి వచ్చేవాళ్లంతా దిగుతారు. కర్ణాటక బండ్లు కూడా ఆ రోడ్డు మీదుగానే పోతాయి. అందుకని బోర్డు మీద పైన తెలుగులో ఒక మాట, కింద ఇంగ్లిష్‌లో ఒక మాట ఉండాలన్నారు. తెలుగు మాట వాళ్లే అక్కడికక్కడ కట్టుకున్నారు: 'మెల్లగ పోదాం, మంచిగ చేరుదాం'. ఇంగ్లిష్ మాట దగ్గరికి వచ్చేసరికి అందరూ చిన్నాయన వైపు చూశారట. ఆయన అన్న కూతురిని నేను. ఊళ్లోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను.

చిన్నాయన ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చాడు. ఇచ్చిన నీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టి, చాలా ముఖ్యమైన పని మీద వచ్చినవాడిలా సర్దుకొని కూర్చున్నాడు.

"బిడ్డా, ఇంగ్లిష్‌ల ఒక్క మాట గావాలె. చదివినోని కాలు బ్రేక్ మీద పడాలె," అన్నాడు.

ఆ పనిని నేను కూడా అంతే ముఖ్యంగా తీసుకున్నాను. 'గో స్లో' లాంటివి ప్రతి లారీ వెనకా ఉంటాయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. కొత్తగా ఉండాలి, అర్థం బరువుగా ఉండాలి అనుకున్నాను. సరిగ్గా ఆ వారమే మా ఇంటర్ పిల్లలకు తప్పుల గురించి ఇంగ్లిష్‌లో వాడే పలుకుబళ్లు చెప్తున్నాను. అందులో ఒకటి నాకు ఎప్పటి నుంచో ఇష్టం. 'ఎర్ ఆన్ ద సైడ్ ఆఫ్ కాషన్'. ఎర్ అంటే తప్పు చేయడం. ఏం చేయాలో తేలనప్పుడు, తప్పు జరిగినా పర్వాలేదు గానీ అది జాగ్రత్త ఎక్కువై జరగాలి, తక్కువై జరగకూడదు అని దాని భావం. రోడ్డు మీద బతికేవాళ్లకు ఇంతకంటే మంచి మాట దొరకదనిపించింది. ఫోన్‌లో టైపు చేసి, ఇ, ఆర్, ఆర్ అని అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకొని, చిన్నాయన ఫోన్‌కు పంపాను.

చిన్నాయన ఆ ఫోన్ పట్టుకొని రేడియం స్టిక్కర్ల షాపుకు పోయాడు. ఆటోల వెనక దేవుళ్ల బొమ్మలు, పిల్లల పేర్లు కత్తిరించి అంటించే షాపు అది. తోడుగా పంచర్ షాపు చాచాను తీసుకుపోయాడు.

ఈ చాచా గురించి చెప్పాలి. ఆయన పంచర్ షాపు అడ్డాను ఆనుకొనే ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు సౌదీలో టైర్ల వర్క్‌షాపులో పనిచేసి వచ్చాడు. ఇంట్లో ఉర్దూ, బయట మాతో సమానంగా తెలుగు, అవసరమైతే ఇంగ్లిష్. నేను చదువుకొని రాకముందు మా గల్లీలో ఎవరికి ఇంగ్లిష్ కాయితం వచ్చినా చాచా దగ్గరికే పోయేది. మందు సీసా మీది చీటీ, కొత్త మిక్సీతో వచ్చిన పుస్తకం, హైదరాబాద్ దవాఖాన నుంచి వచ్చిన రిపోర్టు, అన్నీ ఆయనే చదివి చెప్పేవాడు. మా నాన్నకు ఎన్నో చదివిపెట్టాడు. నేను చిన్నప్పుడు ఆయన షాపు ముందు ఆగితే 'వాల్వ్', 'ట్యూబ్', 'జాక్' అని ఒక్కొక్క వస్తువునూ చూపించి పలికించేవాడు. కాలేజీలో ఉద్యోగం వచ్చిన రోజు నాన్న కంటే ముందు ఆయనే స్వీట్లు పంచాడు.

రేడియం షాపులో చిన్నాయన ఫోన్ చూపిస్తే, చాచా కళ్లద్దాలు పెట్టుకొని చదివి, మొదటి మాట దగ్గరే ఆగిపోయాడట. ఇ, ఆర్, ఆర్. ఇదేం మాట, సగంలో ఆగినట్టుందే అన్నాడట. పిల్ల తొందరలో ఏదో నొక్కేసి ఉంటుంది, ఇట్లాగే బోర్డెక్కితే దాని ఇజ్జత్ పోతుంది అని ఆలోచించి, తానే సరిదిద్ది, షాపతనికి కొత్త అక్షరాలు చెప్పాడు. ఎ, ఐ, ఆర్.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. బోర్డు పెట్టే రోజు ఆదివారం. చర్చి నుంచి నేరుగా అడ్డాకు పోయాను. కొబ్బరికాయ కొట్టారు. బోర్డు మీద కప్పిన గుడ్డను అడ్డా పెద్దమనిషి లాగాడు. తెల్లటి రేకు మీద ఎర్రటి రేడియం అక్షరాలు ఎండ పడి మెరిసిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టి బోర్డు వైపు కాకుండా నా వైపు చూశారు. నేను బోర్డు వైపు చూశాను. 'ఎయిర్ ఆన్ ద సైడ్ ఆఫ్ కాషన్'.

నా నోట్లో ఎవరో లడ్డూ పెట్టారు. అది మేలే అయింది, ఏమీ మాట్లాడే అవసరం రాలేదు. చాచా నా పక్కకు వచ్చి, చెవిలో రహస్యంగా, కంగారు పడకు, నీ స్పెల్లింగ్ తప్పు నేను చూసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు అన్నాడు. ఆ ముఖంలో ఎంత సంతోషం ఉందంటే, లడ్డూ మింగి తల ఊపడం తప్ప నాకు ఇంకేం తోచలేదు.

ఇంటికి పోయేటప్పుడు ఆటోలో చిన్నాయనకు ఒక్కడికే సంగతి చెప్పాను. ఆయన అద్దంలో నా వైపు చూసి అడిగాడు.

"ఎన్ని అక్షరాలు తప్పు పోయినయి?"

"రెండు."

"రెండక్షరాలకు ఏమైతది బిడ్డా. గాలి గూడ మంచిదే గద."

అక్కడితో వదిలేద్దామనే అనుకున్నాను. కానీ బోర్డు ఊరుకోలేదు.

బోర్డు నిలబెట్టిన కంబం చాచా షాపు గోడ పక్కనే ఉంది. దాని మీద అన్నిటికంటే పెద్దగా కనిపించేది 'ఎయిర్' అన్న మాట. రోడ్డున పోయేవాళ్లు అది చదివి, గాలి కొట్టించుకోవడానికి ఆగడం మొదలుపెట్టారు. బీదర్ వైపు పోయే ఒక లారీ డ్రైవరు దిగివచ్చి, కన్నడం కలిసిన తెలుగులో, కాషన్ అనే షాపు ఏది, దాని పక్కన గాలి కొడతారట కదా అని అడిగాడట. చిన్నాయన నవ్వు ఆపుకోలేక చాయ్ హోటల్ వెనక్కి పోయాడు. చాచా మాత్రం ఆ డ్రైవరును మర్యాదగా కూర్చోబెట్టి గాలి కొట్టి పంపాడు. ఇంగ్లిష్ బోర్డంటే ఇట్లా ఉండాలి, చదివిన మనిషి ఆగాలి అని అందరికీ చెప్పుకొన్నాడు. కొన్ని రోజులకు అడ్డాలో ఆయన షాపునే కాషన్ షాపు అని పిలవసాగారు.

ఇదంతా చూసి నవ్వుకొనేదాన్ని. నవ్వు ఆగిపోయింది మా కాలేజీ పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు.

చెప్పిన పలుకుబళ్లను సొంత వాక్యాల్లో వాడమని ఒక ప్రశ్న ఇచ్చాను. ఒక అబ్బాయి, మా అన్న ఎయిర్ ఆన్ ద సైడ్ ఆఫ్ కాషన్‌లో పని చేస్తాడు అని రాశాడు. ఇంకో అమ్మాయి, ఎండాకాలంలో మేమంతా మిద్దె మీద ఎయిర్ ఆన్ ద సైడ్ ఆఫ్ కాషన్ పడుకుంటాం అని రాసింది. బీదర్ పోయే ముందు మీ ఎయిర్ చూసుకోండి, ఆన్ ద సైడ్ ఆఫ్ కాషన్, అని మరొకరు. పేపరు తర్వాత పేపరులో గాలి వీస్తూనే ఉంది. సరిగ్గా రాసినవాళ్లు కూడా ముందు సరిగ్గా రాసి, తర్వాత అనుమానం వచ్చి, కొట్టేసి, ఎ, ఐ, ఆర్ పెట్టారు.

మర్నాడు క్లాసులో నల్లబోర్డు మీద ఇ, ఆర్, ఆర్ అని పెద్దగా రాశాను. ఇది గాలి కాదు, తప్పు చేయడం అని అర్థం వచ్చే క్రియ అని చెప్పాను. జరుగుతున్నదైతే ఎట్లా రాయాలి, నిన్న జరిగిపోయిందైతే చివర ఎట్లా మారుతుంది అని వాక్యాలు రాసి చూపించాను. వినడానికి రెండూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి కాబట్టి చెవిని నమ్మకండి, రాసేటప్పుడు అర్థాన్ని తలుచుకోండి, 'ఎర్రర్' అనే మాట మీకు తెలుసు కదా, దాని ఇంట్లోదే ఈ మాట అన్నాను. పిల్లలు రాసుకున్నారు. నాగల్‌గిద్ద నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం పెన్ను కింద పెట్టి లేచి నిలబడింది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్ల, ఏదీ ఊరికే ఒప్పుకోదు.

"మేడం, అడ్డా కాడ బోర్డు మీద ఎయిర్ అనే ఉన్నది గద. దినాం అక్కడనే దిగుతున్నం. గది మీరే రాసిచ్చిన్రంట."

క్లాసంతా నా వైపు చూసింది. అవును, నేనే రాసిచ్చాను, కానీ అట్లా రాసివ్వలేదు అని చెప్పాలంటే చాచా సంగతి చెప్పాలి. పిల్లల్లో సగం మంది ఆయన షాపు ముందే దిగుతారు. బోర్డులో తప్పు పడింది, సరిచేయిస్తాను అని మాత్రం అన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది కానీ నమ్మినట్టు లేదు. రోజూ ఆటో దిగగానే కనిపించే రేడియం అక్షరాల ముందు నా చాక్‌పీసు అక్షరాలు ఎంత కాలం నిలుస్తాయి?

ఆ సాయంత్రం స్కూటీకి గాలి కొట్టించుకునే వంకతో చాచా దగ్గరికి పోయాను. ఆయన ముందు టైరుకు పైపు పెట్టాడు. నేను మెల్లగా మొదలుపెట్టాను. పరీక్షల సంగతి చెప్పాను, పిల్లలు రాసిన వాక్యాలు చెప్పి నవ్వించాలని చూశాను. ఆయన నవ్వలేదు. పైపు తీసి నిటారుగా నిలబడ్డాడు.

"అంటే నేను గలత్ పెట్టించిన్నంటవా బేటీ?"

గలత్ అని కాదు చాచా, ఆ మాట వేరే అన్నాను. సౌదీలో ఉన్నన్నాళ్లూ తాను ఎ, ఐ, ఆర్ అన్న బోర్డులే చూశాననీ, ఇ, ఆర్, ఆర్ అన్న బోర్డు ఒక్కటి కూడా చూడలేదనీ అన్నాడు. అది నిజమే అయి ఉంటుంది. ఫోన్‌లో నిఘంటువు తీసి చూపించాను. ఫోన్ ఏమైనా చెప్తుంది, నా షాపు ఎక్కడని అడిగితే జహీరాబాద్‌లో ఉందని చెప్పింది అన్నాడు. ఆ మాట పలికితే ఎడ్లను తోలినట్టుంది, చదువుకున్నవాళ్లు అట్లా రాస్తారా అని కూడా అడిగాడు. వెనక టైరుకు గాలి కొట్టి, లోపలికి పోయి పాత ట్యూబును నీళ్లలో ముంచి బుడగలు వెతకడంలో పడ్డాడు.

ఆ తర్వాత చాచా నన్ను చూసినప్పుడు పలకరించడం మానేశాడు. కోపంగా చూసేవాడు కాదు, నేను వస్తుంటే ఆయనకు ఏదో ఒక పని తగిలేది అంతే. రోజూ పొద్దున కాలేజీకి పోతుంటే 'సలామత్ పో బేటీ' అని, క్షేమంగా పొమ్మని వినిపించే గొంతు లేకుండా ఆ మలుపు దాటడం నాకు బాగుండేది కాదు. రెండక్షరాల కోసం ఇంత అవసరమా అనిపించింది. పిల్లల పేపర్లు గుర్తుకొస్తే అవసరమే అనిపించేది. చిన్నాయనను అడిగితే, భాయ్ మనసు మంచిదే, జర ఆగు అన్నాడు.

వానాకాలం వచ్చింది. అడ్డాలో ఒక డ్రైవరు సిర్గాపూర్ అవతల తన ఊళ్లో కొత్త ఇల్లు కట్టుకొని అందరినీ భోజనానికి పిలిచాడు. చిన్నాయన ఆటోలో నేను, చిన్నమ్మ, చాచా పోయాం. పోయేటప్పుడు చాచా ముందు చిన్నాయన పక్కన కూర్చొని, నాతో తప్ప అందరితో మాట్లాడాడు. భోజనాలు బాగా అయ్యాయి. తిరిగి బయలుదేరే వేళకు జోరువాన. కాసేపు ఆగి, తగ్గాక కదిలాం.

దారిలో వాగు ఉంది. దాని మీద ఎత్తు తక్కువ వంతెన. పోయేటప్పుడు వాగులో నీళ్లే లేవు, ఇప్పుడు వంతెన మీదుగా ఎర్రటి నీళ్లు పోతున్నాయి. చిన్నాయన ఆటో ఆపి దిగి, నీళ్ల దాకా నడిచి చూశాడు. అటూ ఇటూ వంతెన అంచు రాళ్లు కనిపించడం లేదు. ఎంత లోతో తెలియదు.

"పోనియ్ భాయ్, గీ నీళ్లకేంది? మోకాలు గూడ మునగది," అన్నాడు చాచా.

చిన్నాయన ఇంకాసేపు నీళ్ల వైపు చూసి, వచ్చి కూర్చొని, ఆటోను వెనక్కి తిప్పాడు. కల్హేర్ మీదుగా చుట్టు తిరిగి పోదామన్నాడు.

ఆ దారి గురించి ఎంత చెప్పినా తక్కువే. ఒక చోట ఆటో బురదలో దిగబడింది. చాచా ప్యాంటు పైకి మడుచుకొని తోశాడు, నేనూ తోశాను, చిన్నమ్మ గొడుగు పట్టుకొని ఎటు తోయాలో చెప్పింది. చక్రం తిరిగి చాచా తెల్ల చొక్కా మీద బురద చిమ్మింది. నమాజ్ టైము దాటిపోతోందని చాచా, ఆరేసిన బట్టలు తడిసిపోయి ఉంటాయని చిన్నమ్మ, దారి పొడుగునా చిన్నాయనను అంటూనే ఉన్నారు. చిన్నాయన తల వంచుకొని నడిపాడు.

అడ్డాకు చేరేసరికి మాతోపాటే భోజనానికి వచ్చిన ఇంకో ఆటో ముందే వచ్చి ఉంది. దాని డ్రైవరు చాయ్ కూడా తాగేసి కూర్చున్నాడు. ఏ దారిన వచ్చావని అడిగితే వాగు దారినే అన్నాడు. మేము వెనక్కి తిరిగిన కాసేపటికే అతను అక్కడికి చేరి, దిగి, కర్రతో చూసుకుంటూ నడిచి, తర్వాత ఆటో దాటించాడట. నీళ్లు చీలమండ దాకా కూడా లేవట.

ఇక చూడాలి. అడ్డా అంతా చిన్నాయన మీద పడింది. చీలమండ లోతు నీళ్లకు భయపడి కల్హేర్ చుట్టివచ్చాడని ఒకరు, ఈసారి బకెట్ నీళ్లు కనిపించినా వెనక్కి తిరుగుతాడని ఒకరు. అందరికంటే పెద్దగా నవ్వింది చాచా. తన చొక్కా చూపించి చూపించి నవ్వాడు. చిన్నాయన కూడా నవ్వుతున్నట్టే ఉన్నాడు కానీ చాయ్ గ్లాసును అటూ ఇటూ తిప్పుతున్నాడు, తాగడం లేదు. ఆయన ముఖం చూసి నాకు ఉండబట్టలేదు.

"చాచా, ఆ మాటకు అర్థం ఇదే," అన్నాను. "ఇయ్యాల చిన్నాయన చేసిందే అది."

చాచా నవ్వు ఆపి నా వైపు చూశాడు. నాతో మాట్లాడటం లేదన్న సంగతి ఆయన మరిచిపోయినట్టున్నాడు.

"ఏ మాట?"

"బోర్డు మీది మాట. నీళ్లు ఎంత ఉన్నయో మనకు తెల్వదు. ఏం చేసినా తప్పు కావొచ్చు. చిన్నాయన వెనక్కి తిప్పిండు. అది తప్పే అయింది, నీళ్లు తక్కువనే ఉండె. కానీ ఆయన తప్పు జాగ్రత్త దిక్కు చేసిండు."

చాచా ఆలోచించాడు. "అంటే వాపస్ వచ్చుడు తప్పే అంటున్నవ్?"

"తప్పే. నీ చొక్కా ఖరాబైంది, నమాజ్ టైము పోయింది. ఆ తప్పుకు ఇంతే నష్టం. గదే తప్పు ఇంకో దిక్కు చేస్తే?"

వాన పడితే ఆ వాగు ఎట్లా పొంగుతుందో అందరికీ తెలుసు. చిన్నమ్మే మెల్లగా అంది, ఇంకో దిక్కు చేస్తే మనం ఇక్కడ కూసొని చాయ్ తాగకపోతుంటిమి అని. వాగు దాటి వచ్చిన డ్రైవరు, తాను కూడా కర్ర లేకపోతే దిగేవాణ్ని కాదని ఒప్పుకున్నాడు. చిన్నాయన అప్పుడు చాయ్ ఒక గుక్క తాగాడు.

చాచా కళ్లద్దాలు తీసి, బురద మరకలు తుడుచుకొని, మళ్లీ పెట్టుకొని బోర్డు వైపు చాలాసేపు చూశాడు.

"మరి దీంట్ల గాలెందుకొచ్చింది?" అన్నాడు, దాన్ని అక్కడ ఇంకెవరో పెట్టినట్టు.

చిన్నాయన ముందు నవ్వాడు. తర్వాత అందరూ. చివరికి చాచా కూడా నవ్వాడు, తన మీద తానే, భుజాలు ఊగిపోయేటట్టు.

రెండు రోజుల తర్వాత కాలేజీ నుంచి వస్తుంటే 'బేటీ, ఇటు రా' అన్న కేక వినిపించింది. చాచా ఇనుప స్టూలు మీద నిలబడి, ట్యూబు అంచులు గీకే కత్తితో బోర్డు మీది ఎ, ఐ అక్షరాలను ఊడదీస్తున్నాడు. రేడియం షాపు నుంచి ఇ, ఆర్ కత్తిరించి తెచ్చుకున్నాడు. చివరి ఆర్ అట్లాగే పనికొస్తుందని ఆయనే కనిపెట్టాడు. నన్ను రోడ్డు అవతల నిలబెట్టి, వంకర ఉందో లేదో చెప్పమన్నాడు. ఇ కొంచెం కిందికి జారింది. చెప్పాను. ఆయన సర్దేలోపు ఒక బస్సు మధ్యలోకి వచ్చి ఆగింది, బస్సు పోయేసరికి ఇంకాస్త జారింది. చివరికి అది అట్లాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ ఇ కాస్త ముందుకు వంగి, రోడ్డు మీదికి చూస్తున్నట్టే ఉంటుంది. కొత్త అక్షరాల ఎరుపు కూడా పాతవాటికంటే ముదురు.

గాలి కోసం ఆగేవాళ్లు తగ్గుతారేమోనని నాకు కొంచెం బాధనిపించింది. ఆయనకు ఆ బాధ లేదు. ఊడదీసిన ఎ, ఐ లను పారెయ్యకుండా ఉంచాడు, పక్కన పెట్టడానికి ఇంకో ఆర్ కూడా కత్తిరించి తెచ్చాడు. తన షాపు గోడ మీద బాణం గుర్తుతో సహా అంటించుకున్నాడు.

అప్పటి నుంచి బోర్డు ముందు ఎవరు ఆగి ఇ, ఆర్, ఆర్ అంటే ఏమిటని అడిగినా చాచాయే చెప్తాడు. నా లాగా వ్యాకరణం చెప్పడు, వాగు కథ చెప్తాడు. చెప్పిన ప్రతిసారీ వాగులో నీళ్లు పెరుగుతున్నాయి. మొదట మోకాలు దాకా ఉండేవి, ఈ మధ్య ఆటో హెడ్‌లైట్ దాకా వచ్చాయని విన్నాను. చిన్నాయన పక్కనే కూర్చొని వింటాడు, కాదనడు.

కాలేజీలో మళ్లీ అదే ప్రశ్న ఇచ్చాను. నాగల్‌గిద్ద అమ్మాయి ఇంగ్లిష్‌లో రాసిన వాక్యాన్ని తెలుగులో చెప్తే ఇట్లా ఉంటుంది: 'వాన వస్తుందని మా అమ్మ జాగ్రత్త వైపు తప్పు చేసి జొన్నలు ఇంట్లోకి మోయించింది, వాన రాలేదు, మళ్లీ బయటికి మోశాం.' క్రియకు చివర రావలసిన మార్పు కూడా సరిగ్గా పెట్టింది. పేపరు ఇచ్చేటప్పుడు, బాగా రాశావు అంటే, నిజంగనే అయింది మేడం, నా చేతులు ఇంక నొస్తున్నయి అంది. వేరే పేపర్లలో గాలి పూర్తిగా పోలేదు కానీ తగ్గింది.

ఒక సాయంత్రం గాలి కొట్టించుకుంటుంటే చాచా ఇంకో సందేహం అడిగాడు. ఈ మాటలో ఎప్పుడూ జాగ్రత్తే ఉండాలా, వేరే సైడ్లు కూడా ఉంటాయా అని. ఉంటాయని చెప్పాను. దయ వైపు తప్పు చేయొచ్చు, ఎక్కువ ఇవ్వడం వైపు తప్పు చేయొచ్చు, ఏది ఎక్కువైనా పర్వాలేదనుకుంటామో ఆ వైపు పేరు పెట్టి రాయొచ్చు అన్నాను. ఆయనకు అది బాగా నచ్చింది. తనలో తాను ఒకటికి రెండుసార్లు చెప్పుకున్నాడు. నేను పోతుంటే పొద్దున చెప్పే మాటే సాయంత్రం కూడా చెప్పాడు, 'సలామత్ పో బేటీ' అని.

రంజాన్ పండుగ రోజు మధ్యాహ్నం నా ఫోన్‌కు చాచా నుంచి ఇంగ్లిష్‌లో మెసేజ్ వచ్చింది. అంతకు ముందు ఆయన ఎప్పుడూ నాకు రాయలేదు, రంగు పూల బొమ్మలు పంపేవాడు అంతే. అక్షరాలన్నీ పెద్దవే. 'ఐ ఎర్ ఆన్ ద సైడ్ ఆఫ్ బిర్యానీ. సెండ్ బిగ్ వెసెల్.' ఇ, ఆర్, ఆర్. వండటం అయిపోయింది కాబట్టి చివర ఇంకో రెండక్షరాలు పడాలి నిజానికి. నేను అది రాయబోయి, రాయకుండా ఫోన్ పక్కన పెట్టి, వంటింట్లోకి పోయి అటక మీది పెద్ద గిన్నె దించమని నాన్నను పిలిచాను. చిన్నాయన ఆటో వాకిట్లోనే ఉంది. చిన్నమ్మ అది చాలదేమో, మా ఇంట్లోది కూడా పట్టుకుపోదాం అంది. రెండు గిన్నెలూ ఆటోలో పెట్టుకొని, మూతలు గలగలలాడుతుంటే, చాచా ఇంటికి బయలుదేరాం.